మూడో కాలమ్‌కు చోటు లేదు

ఒక మనిషి ఏ పక్షమో తేల్చినందుకు నాకు నెలనెలా జీతం ఇచ్చేవారు. ఈ మాట చెబితే మా సొసైటీ పిల్లలు పడీ పడీ నవ్వారు. "ఆ పని మేం ఊరికే చేస్తున్నాం ఆంటీ" అన్నాడు ఒకడు. నిజమే మరి. పొద్దున లేచి పళ్లయినా తోముకోకుండా ఫోను తీసి, ఎవరిని ఏ గాటన కట్టాలా అని వెతికే మీకు ఇదేమంత గొప్ప విద్యగా కనిపించదు. కానీ ఇది మీతో మొదలు కాలేదు. మీరింకా నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లోనే నోయిడాలో ఒక ఏసీ గదిలో కూర్చుని ముగ్గురు తెలుగువాళ్లం దీన్ని ఉద్యోగంగా చేశాం. ఆ ముగ్గురిలో పెద్దదాన్ని నేను. ఆ ఉద్యోగం నా ఓపికను ఎలా పీల్చి పిప్పి చేసిందో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రెండు వేల దశకం సగం దాటిన రోజులవి. మా వారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్‌లో క్వార్టరు. అప్పటికే ఢిల్లీలో ఏళ్ల తరబడి వార్తలు అనువదించి అలసిపోయిన నన్ను, నోయిడాలో కొత్తగా పెట్టిన ఒక వార్తల వెబ్‌సైటు వాళ్లు తెలుగు డెస్కుకు పిలిచారు. మెట్రో ఇంకా అటు రాలేదు. ఆఫీసు క్యాబ్ వచ్చి గేటు దగ్గర హారన్ కొడితే సగం జడతోనే పరుగెత్తేదాన్ని.

ప్రతి వార్త కింద పాఠకులు తమ అభిప్రాయం రాయడానికి ఒక పెట్టె ఉండేది. చాలామందికి కంప్యూటర్లో తెలుగు కొట్టడం రాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పంపేవారు. మేం వాటిని చదివి, బూతులు తీసేసి, తెలుగు అక్షరాల్లో మళ్లీ టైపు చేసి పేజీలోకి ఎక్కించేవాళ్లం. మొదట్లో ఆ పని నాకు నచ్చింది కూడా. ఒకాయన తన కాలనీలో నీళ్ల ట్యాంకరు గురించి రాసేవాడు. ఒకావిడ పిల్లల బడిలో పెట్టే భోజనం బాగుంటుంది కానీ పప్పు పలచన అని రాసేది. "నాకు తెలిసినంతలో", "బహుశా", "నేను పొరబడుతున్నానేమో" అనే మాటలు అడుగడుక్కీ కనిపించేవి. ఇప్పుడు ఆ మాటలు మ్యూజియంలో పెట్టాలి.

నా పక్క సీట్లలో ఇద్దరు కుర్రాళ్లుండేవారు. ఒకడిది అనంతపురం వైపు. కాలేజీలో ఎర్రజెండా పట్టి ఊరేగింపుల్లో తిరిగినవాడు. రెండోవాడిది గోదావరి జిల్లా. పొద్దున్నే సంఘ్ శాఖకు వెళ్లొచ్చి, నుదుట బొట్టుతో ఆఫీసుకొచ్చేవాడు. ఇద్దరూ నోయిడాలోనే ఒక గది తీసుకుని కలిసి ఉండేవారు. ఒకడు వండితే ఒకడు గిన్నెలు తోమేవాడు. మధ్యాహ్నం ఒకే క్యారియరు విప్పుకుని, ఒకడి నోట్లో ముద్ద ఉండగానే రెండోవాడు చైనా గురించి మొదలుపెట్టేవాడు. ఎంత అరుచుకున్నా చివర్లో మిగిలిన పెరుగు సమంగా పంచుకునేవారు. వాళ్ల తగువు చూస్తే నాకు ముచ్చటేసేది. అది మనుషుల మధ్య జరిగే తగువు.

మా వెబ్ హెడ్ ఢిల్లీ మనిషి. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ఒక సోమవారం మీటింగులో ఆయన పెద్ద కొత్త సంగతి కనిపెట్టినట్టు చెప్పాడు. జనం వార్త చదవడానికి రావడం లేదట, కింద జరిగే కొట్లాట చూడడానికి వస్తున్నారట. కాబట్టి ఇకనుంచి ప్రతి వార్త కింద రెండు కాలమ్‌లు ఉంటాయి. ఎడమ పక్కన ఎర్ర పట్టీ, కుడి పక్కన కాషాయం పట్టీ. ఎవరి అభిప్రాయాన్ని ఎటు పెట్టాలో డెస్కు తేలుస్తుంది. రెండు కాలమ్‌లూ ఎత్తు సమానంగా ఉండాలి, లేకపోతే పక్షపాతం అంటారు.

"ఏ పక్షమూ కానివాళ్లని ఎక్కడ పెట్టాలి సార్?" అని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూసి, స్క్రీను మీద మూడో భాగాన్ని వేలితో తట్టాడు. అక్కడ గ్రేటర్ నోయిడాలో కట్టబోయే ఫ్లాట్ల ప్రకటన ఉంది. నీలం రంగు స్విమ్మింగ్ పూలు, పక్కన నవ్వుతున్న కుటుంబం.

"తీస్రా కాలమ్ కహా రఖూ మేడమ్? యే తో బిక్ గయా."

మూడో కాలమ్ అమ్ముడైపోయింది. దేశంలో మధ్యన ఉండే మనుషులందరి చోటునూ ఒక స్విమ్మింగ్ పూలు ఆక్రమించింది. నాకు ఒళ్లు మండింది. మీటింగులో మిగతావాళ్లు తలలూపి నోట్సు రాసుకున్నారు.

అప్పటినుంచి మా పని మారిపోయింది. "కానీ" అనే మాట ఉన్న అభిప్రాయం వస్తే చాలు, మాకు తలనొప్పి. అది ఎటు పెట్టినా సగమే అతుకుతుంది. కాబట్టి ఆ "కానీ" తరవాతి భాగాన్ని కత్తిరించడం అలవాటైంది. తర్వాత పాఠకులే తెలివిమీరారు. "కానీ"లు లేకుండా రాస్తే త్వరగా పైకెక్కుతుందని వాళ్లకు అర్థమైంది.

ఇక ఎత్తు సమానం చేయడం ఇంకో జంజాటం. ఒక్కోరోజు ఎడమ పక్క బారెడు, కుడి పక్క జానెడు ఉండేది. మర్నాడు తిరగబడేది. పొట్టి పక్కను నింపాలంటే ఎవరో ఒకరు రాయాలి. ఆ ఎవరో ఒకరు మేమే అయ్యాం. మొదట ఒక వాక్యం, తర్వాత ఒక పేరా. ఎవరి పక్షానికి వాళ్లు రాస్తారేమో అనుకున్నాను. కానే కాదు. ఎడమ కాలమ్ కోసం గోదావరి కుర్రాడు "పిడికిలి" అనే పేరుతో రాసేవాడు. కుడి కాలమ్ కోసం అనంతపురం కుర్రాడు "శంఖం" అనే పేరుతో రాసేవాడు.

"ఇదేం విడ్డూరం రా" అంటే అనంతపురం వాడు నవ్వాడు.

"వాడు ఎట్ల మాట్లాడతాడో నాకు తెల్దా అక్కా? దినామూ వాంతోనే అన్నం తింటాండా. వాని మాటల్లో నాకు యాడ మంట పుడుతుందో ఆ మాటే రాస్తా, అంతే."

"మా పక్షం గురించి నేను రాస్తే కొంచెం మొహమాటపడతానండి" అన్నాడు గోదావరి వాడు. "ఆళ్ల గురించైతే చెయ్యి ఆగదండి. పిడికిలి బాగా కుదిరేడండి నాకు."

నిజంగానే కుదిరాడు. పిడికిలి ఎవరినీ సార్ అనడు, దేన్నీ ఒప్పుకోడు, ప్రతి వాక్యం చివరా చెంప ఛెళ్లుమనిపిస్తాడు. శంఖం అంతకు రెండాకులు ఎక్కువే చదివినవాడు. ఎవరు ఏం రాసినా "ఎంత ముట్టింది?" అని మొదలుపెడతాడు. పాఠకులకు వీళ్లిద్దరూ తెగ నచ్చేశారు. మొదట మేం పాఠకులను అనుకరించాం. కొన్నాళ్లకు పాఠకులు మమ్మల్ని అనుకరించడం మొదలుపెట్టారు. నీళ్ల ట్యాంకరు గురించి రాసే పెద్దమనిషి కూడా ఒకరోజు "ఎంత ముట్టింది?" అని రాశాడు. నేను తల పట్టుకున్నాను. వెబ్ హెడ్ మాత్రం ఆ వారం డెస్కు మొత్తానికి సమోసాలు తెప్పించాడు.

ఈ గోలలోకి ఒక పెద్దాయన వచ్చిపడ్డారు.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఢిల్లీలో ఏదో మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా స్థిరపడిన మనిషి. అందరూ ముసుగు పేర్లతో రాస్తుంటే ఆయన మాత్రం ఫైలు మీద సంతకం పెట్టినట్టు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసేవారు. ప్రభుత్వ ఆసుపత్రుల మీద వచ్చిన ఒక వార్త కింద ఆయన తన గోడు రాశారు. ఇంట్లో ఆవిడకు షుగరు. ప్రభుత్వ డిస్పెన్సరీలో ఆ మందు ఉండదు. కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు దుకాణానికి చీటీ రాస్తారు. వాళ్లు రేపు రండి, ఎల్లుండి రండి అంటారు. తీరా మందు వచ్చేసరికి డిస్పెన్సరీ సిబ్బంది సమ్మెలో ఉంటారు. దయచేసి ఎవరైనా పట్టించుకోగలరు అని ముగించారు.

దాన్ని ఎటు పెట్టాలా అని మా డెస్కులో చర్చ.

"ప్రైవేటు కాంట్రాక్టును తిట్టినాడు కదక్కా, ఇంకేముంది, ఎడమే" అన్నాడు అనంతపురం వాడు.

"అదేంటండీ, సమ్మెని కూడా తిట్టేరు కదా. కుడండి" అన్నాడు గోదావరి వాడు.

"ఆయన మందు అడుగుతున్నారు నాయనా" అన్నాను నేను.

గోదావరి వాడు పేజీని పైకీ కిందికీ జరిపి చూశాడు. "ఇవాళ ఎడమ పక్క పొట్టిగా ఉందండి" అన్నాడు. అంతటితో తేలిపోయింది. ఆయన్ను ఎర్ర పట్టీ కింద పెట్టారు. మా సాఫ్ట్‌వేరు సంగతి ఏమిటంటే, ఒక పేరును ఒకసారి ఒక పక్క పెడితే ఆ పేరుతో వచ్చే ప్రతిదీ తనంతట తనే ఆ పక్కకే పోతుంది. తర్వాత ఆయన డిస్పెన్సరీలో కుర్చీలు విరిగాయని రాసినా, క్యూలో ముసలివాళ్లు కళ్లు తిరిగి పడుతున్నారని రాసినా అన్నీ ఎర్ర పట్టీ కిందికే వెళ్లాయి. మందు సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. ఎడమ పక్క వాళ్లు ఆయన్ను కామ్రేడ్ అన్నారు. కుడి పక్క వాళ్లు దేశద్రోహి అన్నారు. ఆయనకు రెండూ అర్థం కాలేదు, మళ్లీ మందు గురించే రాశారు.

ఒకరోజు రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది, తెలుగువాళ్ల కోసం ఎవరో అంకుల్ వచ్చారని. గోదావరి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి పేరు అడిగితే, ఆయనే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. రెండు బస్సులు మారి వచ్చారట, మొహమంతా దుమ్ము. నీళ్లు ఇస్తే గ్లాసు కింద పెట్టకుండా గటగటా తాగారు.

"అమ్మా, ఆ పేజీ మీరేనా రాసేది?"

"మేం రాయం సార్. మీరు రాసింది పెడతాం."

"మరి నన్ను ఆ ఎర్ర పట్టీ కింద ఎవులు పెట్టినారు? నేను పెట్టుకోలేదే."

ఫోల్డరు విప్పారు. ఆయన ఆఫీసు ఇచ్చిన మెమో. ప్రభుత్వోద్యోగి అయి ఉండి ఒక రాజకీయ పక్షం తరఫున బహిరంగంగా రాస్తున్నందుకు మీమీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి అని. దానికి మా పేజీ ప్రింటు జతచేశారు. ఎర్ర పట్టీ ఎర్రగానే ఉంది.

"మా సెక్షన్లో కలర్ ప్రింటరు ఉన్నాదని నాకు ఇన్నాళ్లూ తెల్దమ్మా" అన్నారు ఆయన. నవ్వబోయి, ఆగిపోయారు. "ఈ వేసంగికి రిటైరవుతున్నాను. ఛార్జిషీటు మీదుండగా రిటైరైతే పింఛను తేలదు, డిస్పెన్సరీ కార్డూ తేలదు. ఇంట్లో మనిషికి ఆ మందు లేకపోతే గడవదు. నేనేటి అడుగుతున్నానంటే, పట్టీ కింద పెట్టింది మీరే, నేను కాదు అని ఒక కాగితం ముక్క ఇప్పించండి. అంతే. బస్."

ఇంతకన్నా న్యాయమైన కోరిక నా ఉద్యోగ జీవితంలో నేను వినలేదు. నేరుగా వెబ్ హెడ్ గదికి తీసుకెళ్లాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, ఛాయ్ కూడా తెప్పించాడు. కాగితం మాత్రం ఇవ్వనన్నాడు. డెస్కు వాళ్లే మనుషుల్ని అటూ ఇటూ పెడుతున్నారని మన సంతకంతో ఒప్పుకుంటే ఇంకేముంది, పరువు పోతుందట. పోనీ ఆయన రాసినవన్నీ తీసేయండి అన్నాను. తీసేస్తే ఒత్తిడికి లొంగారంటారట. నా గొంతు పెరిగింది. ఆయన చేయి ఎత్తి నన్ను ఆపి, పెద్దాయన వైపు తిరిగి తియ్యగా నవ్వాడు.

"అంకుల్‌జీ కో లెఫ్ట్ సే ప్రాబ్లమ్ హై నా? ఠీక్ హై."

ఎడమ పక్కతోనే కదా ఇబ్బంది అంటూ కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు మీటలు నొక్కాడు. "హో గయా!" అన్నాడు, పెళ్లింట్లో లడ్డూ పంచినవాడిలా.

ఏం జరిగిందో పెద్దాయనకు అర్థం కాలేదు. నేను స్క్రీను చూసి చెప్పాను. ఆయన రాసినవన్నీ కుడి కాలమ్‌లో, కాషాయం పట్టీ కిందికి మారిపోయాయి.

"అటేల పెట్టినారు బాబూ?" పెద్దాయన లేచి నిలబడ్డారు. "నన్ను తీసీమన్నాను గానీ అటు తోసీమన్లేదు కదా. మెమో ఇచ్చినోడు రేపు ఇంకో ప్రింటు తీస్తాడు. నేను మందు గురించి రాసినాను బాబూ. మందుకి ఏ పక్క ఉంటాది?"

వెబ్ హెడ్‌కు అర్థమైనది "బాబూ" ఒక్కటే. దండం పెట్టి తలుపు తీశాడు. పెద్దాయన్ను ఢిల్లీ బస్సు ఎక్కించి, రేపటిలోగా ఏదో ఒకటి చేస్తానని చెప్పి తిరిగొచ్చాను. ఏం చేయాలో నాకే తెలియదు.

ఈలోపు పేజీ భగ్గుమంది. కుడి పక్క వాళ్లు "స్వాగతం సోదరా, ఆలస్యంగానైనా కళ్లు తెరిచావు" అని పూలదండలు వేశారు. నిన్నటిదాకా ఆయన్ను దేశద్రోహి అన్నది వీళ్లే. ఎడమ పక్క నిన్నటి కామ్రేడ్లు కొందరు తిట్టారు, చాలామంది నోరు మెదపలేదు. దాంతో ఎడమ కాలమ్ పొట్టిదైపోయింది. పొట్టిదైతే నింపాలి కదా. నేను లేని సమయంలో పిడికిలి నింపాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకొచ్చి చదివాను.

"ఇంట్లో మనిషి జబ్బును అడ్డం పెట్టుకుని జెండా మార్చినవాడికి కావలసింది మందు కాదు, సిగ్గు."

దాని కింద శభాష్‌లు వరసకట్టి ఉన్నాయి. గోదావరి కుర్రాడు అప్పుడే టీ కప్పుతో వచ్చాడు.

"బాగా పడిందాండీ?" అన్నాడు.

"ఒరేయ్, నిన్న ఆ మనిషి మన రిసెప్షన్‌లో కూర్చుని నీళ్లు తాగి వెళ్లాడు. నువ్వు ఎదురుగా చూశావు. ఆవిడ జబ్బు గురించి నీ చెవులతో విన్నావు. ఎలా రాయగలిగావురా?"

వాడి మొహంలో నవ్వు పోయింది. నిజంగానే తెల్లబోయాడు. స్క్రీను వైపు చూసి, తను రాసిన దాన్ని ఎవరో రాసినట్టు మళ్లీ చదివాడు.

"నేను కాదండి" అన్నాడు మెల్లిగా. "పిడికిలి అలాగే రాస్తాడండి మరి."

వాణ్ణి కొట్టాలో, కూర్చోబెట్టి బుజ్జగించాలో నాకు తెలియలేదు. తీసేయరా అంటే, తీసేసే అధికారం వెబ్ హెడ్‌కే ఉంది, ఆయన తీయడు. మధ్యాహ్నం క్యారియరు విప్పితే వాడు ముద్ద మింగలేకపోయాడు. "ఆయనకి ఫోను చేసి నేనేనని చెప్పేద్దావాండీ?" అన్నాడు. "చెప్తివా, ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి. గమ్మునుండబ్బా" అన్నాడు అనంతపురం వాడు. ఆ రోజు పెరుగు ఎవరూ ముట్టుకోలేదు.

నాకు అప్పటికి ఓపిక నశించింది. కంపెనీ కాగితం లేకపోతే పోయింది, నా దగ్గర తెల్లకాగితాలు ఉన్నాయి కదా అనుకున్నాను. ఇంటికి వెళ్లి కూర్చుని నా పేరు, నా హోదా వేసి రాశాను. పాఠకుల అభిప్రాయాలను రెండు కాలమ్‌లుగా విడదీసేది డెస్కు, పాఠకుడు కాదు. ఎవరి ఎంపికా ఇందులో లేదు. కాలమ్‌ల ఎత్తు సరిపోవడం కోసం ఇలా చేస్తాం. ఈ పెద్దమనిషిని ఎడమ నుంచి కుడికి మార్చింది కూడా ఆయన కోరిక మీద కాదు. కింద సంతకం పెట్టాను. మా వారు అది చదివి, "ఇది నీ రాజీనామా లెటరా?" అని అడిగారు. చెప్పలేనన్నాను.

ఆదివారం నేనే ఆయన క్వార్టరుకు తీసుకెళ్లాను. మా బ్లాకుకు మార్కెట్ అవతలే. బట్టల దుకాణాల వాళ్ల కేకలు దాటుకుని, రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివారు. అప్పుడు అడిగారు.

"ఆ పిడికిలీ అన్నోడు ఎవుడమ్మా? ఏ ఊరోడు?"

నేను బదులు చెప్పేలోపే ఆయనే అందుకున్నారు. "ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఒక్కడు ఒక్క మాటన్లేదు. మా పిల్లలు కేఫులో ప్రింటు తీసి తెచ్చి, నా ముందే పైకి చదివినారు మా ఇంట్లో. ఈవిడకి కూడా వినపడిపోయింది. ఆ పూట మందేసుకోనంది. నా జబ్బే కదా నీకు ఇంత తెచ్చింది అంటాది." లోపలి గదిలోంచి ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చింది. సన్నటి మనిషి, నడకలో తడబాటు. ఆవిడ ఎదుట పిడికిలి ఎవరో చెప్పలేక కాఫీ గ్లాసు అందుకున్నాను.

కాగితం పనిచేసింది. ఆయన పై అధికారికి కాలమ్‌ల ఎత్తు సంగతి చదివేసరికి విసుగు పుట్టిందట. ఈ చెత్తంతా నా బల్ల మీదికి ఎందుకు తెచ్చారని మెమో ఇచ్చినవాణ్ణే కోప్పడి మూసేశాడట. పెద్దాయన దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని, మచ్చ లేకుండా రిటైరయ్యారు. ఆ రోజు మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చారు. నా ఉద్యోగ జీవితంలో నేను నిండుగా సంతోషించిన రోజులు తక్కువ, అందులో అదొకటి.

మూసేసే ముందు ఆ ఆఫీసు వాళ్లు నా సంతకం నిజమేనా అని మా కంపెనీని అడిగారు. వెబ్ హెడ్ నన్ను పిలిచి కాసేపు అరిచాడు. తెలుగు వచ్చినవాళ్లు నోయిడాలో అంత తేలిగ్గా దొరకరు కాబట్టి ఉద్యోగం తీయలేదు. రాశిఫలాల పేజీకి మార్చాడు. అదేదో శిక్ష అనుకున్నాడు పాపం. అక్కడ కనీసం మనుషులకు పన్నెండు గళ్లున్నాయి. రిటైరయ్యేదాకా హాయిగా అక్కడే ఉన్నాను.

పెద్దాయన రిటైరై ఏడాది తిరిగాక ఒకరోజు ఊరికే పాత పేజీ తెరిచాను. కుడి కాలమ్‌లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పొడుగ్గా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. పెద్దాయనే. వెనక్కి వెళ్లి చూశాను. రోజూ రాశారు. ఉల్లిపాయల ధర వార్త కింద, క్రికెట్ వార్త కింద, చివరికి వానల వార్త కింద కూడా. ఎక్కడా ఒక్క "కానీ" లేదు. "ఎంత ముట్టింది?" అనే శంఖం మాటలు అచ్చంగా అలాగే దిగిపోయాయి. ప్రతిదాంట్లోనూ పిడికిలి మీద ఒక దెబ్బ ఉంది. పిడికిలి కూడా ప్రతిదానికీ జవాబిచ్చాడు. డిస్పెన్సరీ మాట ఎక్కడా లేదు.

క్యాంటీన్‌లో గోదావరి కుర్రాణ్ణి పట్టుకున్నాను. "ఆయన జోలికి ఇంక వెళ్లనని నాకు మాటిచ్చావు కదరా?"

"ఆయనే వస్తున్నారండి నా జోలికి" అన్నాడు వాడు ఏడుపు మొహంతో. "ఒక్కరోజు రాయకపోతే 'పిడికిలి పారిపోయాడు' అని రాస్తారండి. ఎడమ పక్క పొట్టిగా ఉండిపోద్ది, సారు నన్నడుగుతారు. ఏం చెయ్యమంటారు చెప్పండి?"

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఇంటికి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. నా గొంతు విని ఎంతో సంబరపడ్డారు.

"బాగున్నారా అమ్మా? కొడుకు కంప్యూటరు కొనిచ్చినాడు. ఇప్పుడు ఊసుపోకపోవడమన్నది లేదు, పొద్దు ఇట్టే గడిచిపోతాది."

"ఆవిడ ఎలా ఉన్నారు సార్? డిస్పెన్సరీలో ఆ మందు దొరుకుతోందా?"

"ఏటి దొరుకుతాది, ఎప్పటిలాగే. బయట కొంటున్నాం." ఆ మాటను చేత్తో పక్కకు తోసేసినట్టు అన్నారు. "అది వదిలీండి. ఆ పిడికిలిగాడు ఇవాళ రాసింది చూసినారా? ఆడి అంతు చూడకపోతే నా పేరు మార్చీసుకుంటాను."

"సార్, ఒక్క మాట వినండి. పిడికిలి అనే మనిషి లేడు."

"లేకపోవడమేటి?"

"మా ఆఫీసులో ఇదివరకు నా పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు రాస్తాడు. గోదావరి జిల్లావాడు. నిజానికి మీ కుడి పక్షంవాడే. ఎడమ కాలమ్ పొట్టిగా ఉందని, నింపడానికి రాస్తాడు. ఆ రోజు మీమీద ఆ మాట రాసింది కూడా అందుకే. మీమీద వాడికి ఏ కోపమూ లేదు. రాసిన మర్నాడు అన్నం కూడా మింగలేకపోయాడు. మీరు రోజూ పోట్లాడుతున్నది ఎవరితోనూ కాదు సార్."

అవతల వాళ్లింట్లో టీవీ మోత, ఆవిడ ఏదో అడుగుతున్న గొంతు వినిపించాయి. నా గుండెలోంచి బరువు దిగిపోయినట్టయింది. ఇప్పటికైనా చెప్పగలిగాను, ఇక ఈయన లేచి ఆవిడ మందు సంగతి చూసుకుంటారు అనుకున్నాను.

"రోజూ తెల్లారి లేస్తే ఆడికి జవాబు రాస్తన్నాను" అన్నారు చివరికి. "నన్ను సిగ్గులేనోడన్నాడు, ఇంటిదాన్ని ఏడిపించినాడు. ఆడు లేడంటే ఎలగమ్మా?"

"నిజమే చెబుతున్నాను సార్. నా మాట నమ్మండి. ఆ రోజు కాగితం రాసిచ్చినదాన్ని నేనే కదా."

"అచ్ఛా" అన్నారు. ఆయన గొంతులో అంతదాకా ఉన్న ఆప్యాయత ఆ ఒక్క మాటతో ఆరిపోయింది. "ఆడిని కాపాడడానికి మీరు ఫోన్ చేసినారన్నమాట. ఎంత ముట్టిందమ్మా మీకు?"

ఫోన్ పెట్టేశారు.